నుసి చెప్పిన రోగం: లోహం, ప్లాస్టిక్ లేకుండా రాపిడి నిప్పు, ఒక కేస్ స్టడీ

రాపిడితో నిప్పు పుట్టించడం నేర్చుకునేవాళ్ళలో చాలామంది ఒకే చోట ఆగిపోయి నా దగ్గరకు వస్తారు. నైలాన్ తాడు, ఉక్కు కత్తి, నెలల తరబడి నీడన ఆరిన చెక్క చేతిలో ఉంటే వాళ్ళకు నిప్పు వస్తుంది. ఆ మూడూ తీసేసి, చుట్టూ ఉన్న చెట్టూ చేమా రాయీ రప్పా తప్ప ఇంకేమీ ముట్టకూడదంటే మాత్రం పని పొగ దగ్గరే నిలిచిపోతుంది. ఈ కేసూ అలాంటిదే. దీన్ని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ పనిలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఇందులో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ప్రతి చిక్కూ తన ఆనవాలు నుసిలో వదిలి వెళ్ళింది. నుసిని చదవడం వచ్చినవాళ్ళకు ఈ పనిలో ఊహలతో అవసరం పెద్దగా ఉండదని నా గట్టి నమ్మకం.

నేర్చుకుంటున్నది పాతికేళ్ళు దాటిన యువతి. కొండలెక్కే అలవాటుంది, ఒంట్లో సత్తువకు కొదవ లేదు. నైలాన్ తాడు కట్టిన విల్లుతో ఎన్నోసార్లు నిప్పు తెచ్చిన చెయ్యి. ఇప్పుడు తనకు తానే ఒక నియమం పెట్టుకుంది: లోహం వద్దు, ప్లాస్టిక్ వద్దు, కోతకు రాతి పెచ్చే వాడాలి, తాడు కూడా చెట్టు నారతో తనే పేనాలి. కాలం వానాకాలం. వాన వెలిసినా గాలిలో చెమ్మ తగ్గని రోజులు. పొగ దండిగా వచ్చేది, కళ్ళు మండేవి, తాడు తెగేది, నిప్పుకణిక మాత్రం రాలేదు.

"నా చేతుల్లో బలం చాలడం లేదు సార్" అని ఆమె తేల్చేసుకుంది. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. అసలు కారణం అదే అయిన సందర్భాలు చాలా అరుదు.

ఇక్కడ వాడే పేర్లు ముందే చెప్తాను. అడుగున ఉండేది పీట. దాని మీద నిలబడి తిరిగేది కదురు. కదురు తలను పైనుంచి నొక్కిపట్టేది చిప్ప. తాడు కట్టిన వంపు కర్ర విల్లు. పీటలో కదురు కూర్చునే చోటు గుంట. ఆ గుంట నుంచి పీట అంచు దాకా కోసిన చీలిక గాటు. రాపిడికి పుట్టిన నుసి ఆ గాటులోనే పోగుపడుతుంది, అదే చివరికి రాజుకుని నిప్పుకణిక అవుతుంది.

ఆమె సరంజామా తెచ్చి ముందు పెట్టగానే తిప్పి చూపించమని అడగలేదు. పీట చేతిలోకి తీసుకుని గుంట చూశాను. నున్నగా, నల్లగా, పాలిష్ పట్టినట్టు మెరుస్తోంది. పీట చెక్క తుమ్మ. కదురూ అంతే గట్టి చెక్క, ఏ చెట్టుదో ఆమెకే తెలియదు. బొటనవేలి గోరుతో నొక్కితే రెండింటి మీదా గీత పడలేదు. గాటు ఉందన్న పేరే గానీ, రాతి పెచ్చుతో గీకిన సన్నని గీతలా ఉంది. అది గుంట మధ్య దాకా రాకుండా అంచు దగ్గరే ఆగిపోయింది. గుంట చుట్టూ నుసి ఒక వలయంలా చిమ్మి ఉంది.

"తిప్పేటప్పుడు కీచుమని చప్పుడు వచ్చిందా అమ్మా?" అని అడిగాను. వచ్చిందంది. ఆ చప్పుడు తగ్గడానికి ఇంకా గట్టిగా నొక్కానని కూడా చెప్పింది.

అప్పటికి సగం సంగతి తేలిపోయింది. మిగతా సగం కోసం నుసి అడిగాను. అదృష్టం కొద్దీ పారేయకుండా ఒక ఎండుటాకులో మూటగట్టి ఉంచింది. ముదురు గోధుమ రంగు, గరుకు, అక్కడక్కడా చిన్న చిన్న ఉండలు, వేలితో నలిపితే మెత్తబడకుండా దారాల్లా చుట్టుకుపోతోంది. సరైన నుసి అలా ఉండదు. అది కాటుకలా నల్లగా, తేలిగ్గా, ఉబ్బి ఉంటుంది. గాటులో పడ్డాక ఒక ముద్దగా నిలుస్తుంది, ఊదితే చెదిరేంత మెత్తగా ఉంటుంది. లేత గోధుమ రంగులో పొడి పొడిగా రాలితే వేడి చాలలేదని, అంటే ఒత్తిడో వేగమో తగ్గిందని అర్థం. ఉండలు కట్టి, చుట్టలు చుట్టుకుని వస్తే ఒత్తిడి మరీ ఎక్కువైంది, లేదా చెక్కలో చెమ్మ ఉంది. ఆమె విషయంలో రెండూ ఉన్నాయి. కీచుమన్న గట్టి చెక్క మీద నొక్కీ నొక్కీ, చెమ్మ చెక్కను పిండేసింది.

చెమ్మ ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు. అందుకే ఆమెకు వేసిన లెక్కే ఇక్కడా పెడుతున్నాను. 2 సెం.మీ. మందం కదురు చుట్టుకొలత 6.3 సెం.మీ. విల్లు అర మీటరు లాగితే కదురు దాదాపు 8 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 20 చుట్ల వేగం, చిప్ప మీద సుమారు 6 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి, రాపిడి గుణకం (ఒత్తిడిలో ఎంత వంతు రాపిడిగా మారుతుందో చెప్పే అంకె) 0.4 అనుకుందాం. గుంటలో పుట్టే వేడి అటూ ఇటూగా 20 వాట్లు. నిమిషం పాటు ఆగకుండా తిప్పితే 1200 జౌళ్ళు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). మామూలు వేడిలో ఉన్న ఒక గ్రాము నీటిని మరిగించి ఆవిరి చేయాలంటే దాదాపు 2550 జౌళ్ళు కావాలి. అంటే చెమటోడ్చిన ఆ నిమిషమంతా కలిసి అర గ్రాము నీటిని కూడా ఎగరగొట్టలేదు. ఇక చెక్కలో ఎంత నీరుంటుంది? గాలిలో తేమ 90 శాతం ఉన్న రోజుల్లో నీడన ఉన్న చెక్క కూడా తన పొడి బరువులో 20 శాతం దాకా నీటిని పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ 30 శాతానికి దిగితే చెక్కలోని నీరు 6 శాతం దగ్గరకు వస్తుంది. రెండింటికీ మధ్య తేడాయే పొగకూ నిప్పుకూ మధ్య తేడా. చేతులు ఎంత బలంగా ఉన్నా ఆ తేడా పూడ్చలేవు.

లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. కదురు సన్నగా ఉంటే చుట్లు పెరుగుతాయి కాబట్టి వేడి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. తాడు మీద మీరు పెట్టే లాగుడూ, లాగే వేగమూ కలిసి ఎంత శ్రమ అయితే అంతే వేడి. సన్నని కదురు చేసే మేలు, ఆ వేడిని చిన్న చోటుకు కుదించడం. అది చేసే కీడు, తాడుకు పట్టు చిక్కక జారిపోవడం. నైలాన్ అయితే ఆ జారుడు తట్టుకుంటుంది. నార తట్టుకోదు. అందుకని నారతాడుతో చేసేవాళ్ళకు బొటనవేలి మందానికి తగ్గని కదురే మంచిదని నా అభిప్రాయం.

గట్టి చెక్క ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. 1798లో ప్రకటించిన ఒక ప్రయోగంలో రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త మొండి తొలుపుడు పరికరంతో ఫిరంగి లోహాన్ని రాపిడి పెట్టించి, చుట్టూ పోసిన నీళ్ళను రెండున్నర గంటల్లో మరిగించి చూపించాడు. గుర్రపు బలంతో అంత సేపు పట్టడానికి ఒక కారణం, లోహం వేడిని ఒకచోట నిలవనివ్వక అంతటా పంచేయడం. చెక్క గుణం దానికి పూర్తిగా వ్యతిరేకం. అది వేడిని నడిపించే తీరు లోహంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు తక్కువ, అందుకే వేడి పుట్టినచోటే కూడుకుంటుంది. చెక్కల్లోనూ తేలికవి వేడిని ఇంకా గట్టిగా పట్టి ఉంచుతాయి, సులువుగా అరిగి నుసినిస్తాయి. బరువైన గట్టి చెక్క అరగదు, మెరుగెక్కుతుంది. మెరుగెక్కితే పట్టు పోతుంది, పట్టు పోతే కీచుమంటుంది. అప్పటికప్పుడు ఆ మెరుపును రాతి పెచ్చుతో గీకేసి, గుంటలో చిటికెడు ఇసుక వేస్తే కొంత కుదురుకుంటుంది. అది తాత్కాలికమే. చెక్క మార్చడమే అసలు మందు.

అందుకని పాత సరంజామా మొత్తం పక్కన పెట్టించాను.

కొత్త చెక్క వెతకడానికి ఆమెకు చెట్టు పేరు చెప్పలేదు, గుణాలు చెప్పాను. పేరు నేర్చుకుంటే ఆ చెట్టు లేని చోట చేతులు కట్టేసినట్టవుతుంది. నిలువునా ఎండి చచ్చిన కొమ్మ కావాలి. నేల మీద పడి ఉన్నది వద్దు, నేల చెమ్మను కింది నుంచి పీల్చి ఉంటుంది. విరిస్తే వంగకుండా ఫెళ్ళున విరగాలి. గోరుతో నొక్కితే గీత పడాలి, కానీ నలిగి పిండి కాకూడదు, అలా అయితే పుచ్చిపోయిందన్నమాట. జిగురు కారే చెట్లు వద్దు, జిగురు గుంటకు మెరుగు పట్టిస్తుంది. విరిచిన ముక్కను పై పెదవికి ఆనిస్తే చల్లగా తగలకూడదు. చెమ్మ ఉన్న చెక్క పెదవికి చల్లగా తెలుస్తుంది, వేళ్ళకు తెలియదు. విష వృక్షాలను దగ్గరకు రానీయకూడదు. ముఖ్యంగా గన్నేరు పొగ కూడా ప్రమాదమే.

ఆమె వెతికి తెచ్చింది జిల్లేడు. మంచి ఎంపిక. ఎండిన జిల్లేడు కాండం తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, పచ్చి కాండం మీది నార చాలా గట్టిది. ఒకే మొక్క పీటకూ, కదురుకూ, తాడుకూ సరిపోతుంది. పచ్చి కాండం తొక్క ఒలిచేటప్పుడు మాత్రం పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. చేతులు కడుక్కోకుండా కళ్ళు తుడుచుకోవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఈ జాగ్రత్తను తేలిగ్గా తీసుకోకూడదు, ఆ పాలు కంటికి తీవ్రమైన హాని చేస్తాయి.

ఎండు కాండాలకు పైన బెరడు కింద చెమ్మ కొద్దిగా దాగి ఉంది. బెరడు మొత్తం గీకించి, ముక్కలను ఎండ తగిలే బండ మీద పరిచాం. వాన మబ్బు కమ్మితే చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని ఉంచమన్నాను. ఒంటి వేడి తక్కువే గానీ, సన్నని కదురుకు కొన్ని గంటల ఒంటి వేడి కూడా మేలే చేస్తుంది. తొందరపడి అదే పూట తిప్పాలని ఆమెకు ఆత్రంగా ఉంది. ఆపాను. ఈ పనిలో ఆరబెట్టే సమయం వృథా అనుకునేవాళ్ళు ఆ సమయాన్ని పొగలో పోగొట్టుకుంటారు.

పీట విషయంలో రాతి పెచ్చు ఒక పెద్ద అడ్డంకి. ఉక్కు కత్తితో రెండు నిమిషాల్లో కోసే గాటును రాతితో కోయాలంటే చాలా ఓపిక కావాలి, పైగా మెత్తని చెక్క పగిలిపోతుంది. దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం జంట పీట. వేలు మందం ఉన్న రెండు తిన్నని పుల్లలను పక్కపక్కనే ఆనించి రెండు కొసల దగ్గరా నారతో బిగించి కడితే చాలు. రెండింటి మధ్య సందు పైనా కిందా సహజంగానే గాడిలా ఉంటుంది. కదురు ఆ గాడిలో కూర్చుని రెండు పుల్లలనూ సమానంగా తొలుస్తుంది, నుసి సందులోంచి కిందికి దిగి ఒకచోట పోగవుతుంది. గాటు కోసే పనే ఉండదు. పుల్లల మధ్య ఆనే ముఖాలను రాతి మీద రుద్ది కాస్త చదును చేస్తే సందు మరీ వెడల్పు కాకుండా ఉంటుంది. వెడల్పైతే నుసి నేలపాలవుతుంది, బొత్తిగా లేకపోతే పోగుపడదు.

ఒకే చెక్క పీట వాడేవాళ్ళు గాటును గుంట మధ్య దాకా తేవాలి, గుండ్రంలో ఎనిమిదో వంతు వెడల్పు ఉంచాలి. ఈ గాటు ఎందుకంత ముఖ్యమో ఆమెకు మొదట అర్థం కాలేదు. వేడి నుసి చుట్టూ చిమ్మితే ఒక్కో రేణువు విడిగా చల్లబడిపోతుంది. ఒకచోట కుప్పగా పడితే ఒక రేణువు వేడి పక్క రేణువును కాస్తుంది, పక్కనుంచి గాలీ అందుతుంది. చెక్కలోని హెమిసెల్యులోజ్ 220 డిగ్రీల దగ్గర, సెల్యులోజ్ 315 నుంచి 400 డిగ్రీల మధ్య విరిగిపోయి బొగ్గుగా మారతాయి. ఆ తాజా బొగ్గు నుసికి గాలి తగిలినప్పుడు లోలోపలే కాలడం మొదలవుతుంది. అక్కడి నుంచి వేడి అందించేది మీ చెయ్యి కాదు, బొగ్గే. కుప్ప లేకపోతే ఆ మలుపు రానే రాదు.

కదురు కోసం తెచ్చిన కాండాన్ని జానెడు పొడవుకు కోశాం. కింది కొస మొండిగా, గుండ్రంగా ఉండాలి. పై కొస సన్నగా కూచిగా ఉండాలి. కారణం ఒకటే: రాపిడి ఎంత వెడల్పులో జరిగితే అంత శ్రమ అక్కడ ఖర్చవుతుంది. ఆ ఖర్చు కింద కావాలి, పైన వద్దు. పై చిప్పకు ఆమె ముందు మెత్తని చెక్క వాడింది, అది కూడా పొగలు కక్కేది. అంటే సగం శ్రమ తప్పుడు చోట పోయేది. చిన్న గుంట ఉన్న నున్నటి రాయి ఒకటి ఏరుకొచ్చి, గుంటలో పచ్చి ఆకు ముక్క నలిపి పెట్టించాను. ఆకు ఎండిపోగానే మార్చాలి. విల్లు కదలిక వెంటనే తేలికైంది, ఆమె ముఖంలోనే కనిపించింది.

ఈ కేసులో నాకు ఎక్కువ సమయం పట్టింది తాడు దగ్గర. నారతాడు పేనడం ఆమెకు వచ్చు: రెండు పాయలను విడివిడిగా ఒక దిక్కుకు మెలితిప్పి, రెండింటినీ కలిపి ఎదురు దిక్కుకు చుట్టడం. పేనిన తాడు గట్టిగానే ఉంది. పట్టుకుని లాగితే తెగేది కాదు. విల్లుకు కట్టి తిప్పితే తెగేది. నైలాన్‌తో చేసినట్టే కదురు చుట్టూ ఒక్క చుట్టు వేసి తిప్పుతోంది. అలా తిప్పినప్పుడు తాడు కదురు మీద కొద్దికొద్దిగా జారుతుంది, ఆ జారుడు పైపొర పీచును కోసేస్తుంది. చుట్టు దగ్గర తాడు తనను తానే ఒరుసుకుంటుంది కూడా. తెగిన కొస చూస్తే విషయం తెలుస్తుంది. లాగుడుకు తెగిన తాడు పీచులు పొడుగ్గా సాగి ఉంటాయి, ఒరుపుకు తెగినవి కురచగా బొచ్చు లేచి ఉంటాయి. ఆమె తాళ్ళ కొసలన్నీ బొచ్చు లేచినవే.

జారుడే లేకుండా చేయడం దీనికి మందు. తాడు నడుమను కదురు నడుముకు ముడివేసి బిగించేశాం. ముడికి పైన నాలుగు చుట్లు, కింద నాలుగు చుట్లు. విల్లు ఒక దిక్కుకు లాగితే పైచుట్లు విప్పుకుంటూ కింద చుట్టుకుంటాయి, మరో దిక్కుకు లాగితే అటుది ఇటు. తాడు కదురు మీద జారదు కాబట్టి ఒరుపు లేదు. విల్లు తాడును మరీ బిర్రుగా బిగించాల్సిన అవసరమూ లేదు, వదులును వేళ్ళతో సర్దుకోవచ్చు. మొత్తం ఎనిమిది చుట్లు అయ్యేసరికి అర మీటరు లాగుడు సరిపోతుంది, అంటే విల్లు పొడవంతా వాడుకోవచ్చు. చివరి చుట్టు కూడా విప్పుకుపోయేలా లాగితే ముడి మీద దెబ్బ పడుతుంది, అదొక్కటి చూసుకోవాలి. నారతాడుతో నిప్పు చేయాలనుకునేవాళ్ళు నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఈ ముడి గుర్తుంచుకోండి అంటాను.

విల్లే లేకుండా చేసే దారి కూడా ఉంది. ఒకరు చిప్ప నొక్కి పట్టుకుంటే ఇంకొకరు తాడు రెండు కొసలూ పట్టుకుని కవ్వం చిలికినట్టు లాగుతారు. యజ్ఞాల కోసం చెక్కల రాపిడితో నిప్పు పుట్టించే అరణి మథనంలో జరిగేది ఇదే. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుట్‌లు చిప్పను పళ్ళతో కరిచిపట్టి రెండు చేతులా తోలుతాడు లాగి ఒంటరిగానే ఈ పని చేసేవారు. ఇద్దరున్నప్పుడు వానాకాలంలో ఈ పద్ధతికే నా ఓటు. అలసట సగమవుతుంది, నొక్కే చెయ్యి వణకదు. ఈమె ఒంటరిగా చేయాలని పట్టుబట్టింది కాబట్టి విల్లుతోనే ముందుకు వెళ్ళాం.

ఇక తిప్పడం. కుడిచేతి వాటం మనిషి కాబట్టి ఎడమ పాదం పీట మీద, ఎడమ మణికట్టు మోకాలి కింది ఎముకకు గట్టిగా ఆనించి. ఆ ఆనింపు లేకపోతే కదురు ఊగుతుంది, ఊగితే గుంట పెద్దదై వేడి చెదురుతుంది. పీట కింద ఎండు బెరడు ముక్క పరిచాం. పడిన నుసి నేల చెమ్మ పీల్చకుండా ఉండటానికీ, తర్వాత కణికను ఎత్తడానికీ అదే ఆధారం. మొదట మెల్లగా, తేలిగ్గా తిప్పి గుంట కుదుర్చుకోమన్నాను. గుంట నల్లబడి కదురు సరిగ్గా కూర్చున్నాక ఆగి చూశాం. నుసి లేత గోధుమ రంగు. "కొంచెం నొక్కు పెంచమ్మా, వేగం అలాగే ఉంచు" అన్నాను. మళ్ళీ చూస్తే ముదురు గోధుమ, మెత్తన. చుట్టలు లేవు. అంటే చెమ్మ పోయింది, చెక్క సరైనదే. అక్కడి నుంచి చెప్పడానికి పెద్దగా లేదు. విల్లు కొస నుంచి కొసకు నిండుగా లాగుతూ, పొగ చిక్కబడే దాకా నిదానంగా, చిక్కబడ్డాక కొద్దిసేపు వేగంగా.

చాలామంది పొగ చూడగానే ఆపేస్తారు. పొగ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. కదురు కొస నుంచి వచ్చే పొగ రాపిడిది, చెయ్యి ఆపితే ఆగిపోతుంది. నుసి కుప్పలోంచి దానంతటది సన్నగా లేచే పొగే కణిక పుట్టిన గుర్తు. ఆమె చెయ్యి ఆపాక కూడా కుప్ప పొగ చిమ్ముతూనే ఉంది. కదురు మెల్లగా తీసి, పీటను చిన్న పుల్లతో తట్టి, కుప్పను బెరడు మీద అలాగే ఉండనిచ్చాం. ఈ ఘట్టంలో నోటితో ఊదకూడదు. నోటి గాలిలో చెమ్మ ఎక్కువ, పైగా ఆ మెత్తని కుప్ప చెదిరిపోతుంది. అరచేత్తో దూరం నుంచి వీస్తే చాలు. నిమిషం లోపు మధ్యలో ఎర్రదనం కనిపించింది. ఏ వస్తువైనా కంటికి ఎర్రగా కనిపించాలంటే 525 డిగ్రీలు దాటాలి, అంటే ఆ కుప్ప ఇక తన కాళ్ళ మీద తాను నిలబడినట్టే.

అయినా ఆ పూట మంట రాలేదు.

కణికను గూటిలోకి, అంటే పీచుతో పిట్టగూడులా కట్టిన ఉండలోకి, మార్చాక పొగ పెరిగింది, తర్వాత పలచబడింది, తర్వాత లేదు. గూడు విప్పి చూస్తే కణిక చుట్టూ జిల్లేడు కాయలోని దూది కాలి నల్లని గుల్లగా మారి ఉంది, ఆ బయట పీచు చెమ్మగా, చెక్కు చెదరకుండా ఉంది. దూది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, భగ్గుమని క్షణంలో అయిపోతుంది, కణికకు తిండి పెట్టదు. గూడు నడుమ నెమ్మదిగా రాజుకునేది ఉండాలి: బాగా నలిపి మెత్తగా చేసిన బెరడు నార, కొబ్బరి పీచు, ఎండు గడ్డి పీచు. దూది కొద్దిగా బయటి వైపు ఉంటే మంట అందుకునే వేళ పనికొస్తుంది. పీచును అరచేతుల మధ్య బాగా నలిపితే సన్నని పోగులు లేస్తాయి. ఆ పోగుల మందమే నిర్ణయిస్తుంది కణిక అంటుకుంటుందా లేదా అన్నది. చెక్కను అంత జాగ్రత్తగా ఆరబెట్టినామె గూడు పీచును ఉదయపు మంచులోనే ఏరుకొచ్చింది. గూటికి కూడా చెక్కతో సమానమైన ఎండ కావాలి.

ఆరిన పీచుతో గూడు మళ్ళీ కట్టి, అదే పీటలో పాత గుంటలోనే తిప్పింది. ఒకసారి నల్లబడి ఎండిన గుంట రెండోసారి త్వరగా లొంగుతుంది, అందుకే పనిచేసిన గుంటను వదులుకోకూడదు. కణికను గూటి నడుమ పెట్టి, పీచు దాన్ని అన్ని వైపులా తాకేలా అరచేతుల మధ్య మెల్లగా దగ్గరకు నొక్కి, ముఖానికి ఎత్తుగా, గాలి వాలుకు పట్టుకుని ఊదింది. ఇప్పుడు ఊదడం సరైనదే, కణిక బలపడింది కాబట్టి. పొగ తెల్లగా చిక్కబడి, పసుపు రంగుకు తిరిగి, గూడు ఒక్కసారిగా మండింది. ముందే విరిచి పేర్చిన అగ్గిపుల్ల మందం చితుకులు, తర్వాత పెన్సిల్ మందం, తర్వాత వేలు మందం. ఈ వరస తప్పితే గెలిచిన నిప్పు కూడా నిమిషంలో పోతుంది. చుట్టూ ఎండుటాకులు ఊడ్చి నేల బయటపెట్టిన చోటే ఇదంతా చేశాం. తర్వాత నీళ్ళు పోసి, బూడిదను కలియబెట్టి, చేత్తో తాకి చల్లబడిందని చూసుకున్నాకే లేచాం.

ఏ మార్పు ఎంత పని చేసిందో నా అంచనా చెప్తాను. చెక్క మార్చడం, ఆరబెట్టడం కలిసి ఈ కేసును సగానికి పైగా పరిష్కరించాయి. తాడు ముడి లేకపోతే తిప్పడం పూర్తయ్యేదే కాదు. చిప్ప రాయి, జంట పీట శ్రమను తగ్గించాయి, కానీ అవి లేకున్నా ఆలస్యంగానైనా నిప్పు వచ్చి ఉండేది. ఆమె బలం మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే.

తర్వాత ఆమె నేను చూపించని వేరే తేలిక చెక్కతో సొంతంగా నిప్పు తెచ్చింది. ఇప్పుడు విల్లు, తాడు రెండూ వదిలి, అరచేతుల మధ్య కదురు తిప్పే పద్ధతి మొదలుపెట్టింది. దీనికి చిటికెన వేలి మందంలో, మూరెడుకు తగ్గని పొడవులో తిన్నని పుల్ల కావాలి. తిప్పే కొద్దీ చేతులు కిందికి జారుతాయి. అడుగుకు చేరి మళ్ళీ పైకి తెచ్చే ఆ క్షణంలో ఒత్తిడి పోయి గుంట చల్లబడుతుంది. ఆమె తాజాగా పంపిన నుసి మెత్తగా, లేత గోధుమ రంగులో ఉంది. చుట్టలు లేవు, చెమ్మ లేదు, లోపం ఆ ఖాళీ క్షణంలోనే ఉంది. కదురు తలకు నారతాడు కట్టి, దానికి రెండు కొసలా బొటనవేళ్ళు దూరే ఉచ్చులు వేసుకోమని చెప్పాను. అప్పుడు చేతులు కిందికి జారవు, ఒత్తిడి తెగదు.